రుడాల్ఫ్ డీజిల్ : జీవితము - యంత్రము - పొగ

బంకు ముందు లారీ ఆగుతుంది. డ్రైవరు క్లీనరును కేకవేసి డీజిల్ కొట్టించమంటాడు. కరెంటు లేని వేళ పొలం గట్టున రైతు ఇంజనులో డీజిల్ పోస్తాడు. పెళ్ళి పందిట దీపాలు ఆరిపోతే జనరేటరులో డీజిల్ ఉన్నదా అని పెద్దలు ఆదుర్దాపడతారు. అక్షరజ్ఞానం లేని వారి నోట కూడా ఈ మాట అతి సహజంగా పలుకుతుంది. కాని ఇది ఒక మనిషి ఇంటిపేరని ఎరిగినవారు ఎందరు? తరగతిలో వ్యాకరణం చెప్పేటప్పుడు మేము సంజ్ఞావాచకానికీ జాతివాచకానికీ గల భేదాన్ని విద్యార్థులకు వివరిస్తూ ఉంటాము. ఒక వ్యక్తి పేరు ఒక వస్తువు పేరుగా మారి, ఆ వ్యక్తి పూర్తిగా మరుగున పడిపోవడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ మాకు దొరకలేదు.

ఈ వ్యాసంలో రుడాల్ఫ్ డీజిల్ జీవితాన్ని స్థూలంగా పరిచయం చేసి, పిమ్మట ఆయన యంత్రం వలన లోకానికి కలిగిన మేలునూ కీడునూ ఒకే త్రాసులో ఉంచి తూచదలచాము. తక్కువ నూనెతో ఎక్కువ దూరం నడవడం మేలు. ఆ నడకలో వెలువడే పొగ కీడు. వాహనాల పొగపై ప్రభుత్వాలు విధించే నియమాలు సబబా, లేక బీదవాని బస్సు చార్జీని పెంచే భారమా అన్న వివాదం నేడు ప్రపంచమంతటా ఉన్నది. మేము శాస్త్రజ్ఞులము కాము, భాషోపాధ్యాయులము. అయినను ఈ గాలిని పీల్చేవారిలో మేమూ ఉన్నాము గనుక ఈ విషయం ముచ్చటించడానికి మాకును కొంత అధికారం కలదని భావిస్తున్నాము.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతం నుండి వలసవచ్చినవారు. తండ్రి థియోడోర్ పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చి, తోలు సామాను తయారుచేసి జీవనం సాగించేవాడు. ఆ సామానును ఖాతాదారుల ఇండ్లకు చేరవేయడం బాలుని పని. ఆ పని తీరిన వేళలలో అతడు పారిస్‌లోని యంత్ర వస్తు ప్రదర్శనశాలకు వెళ్ళి, పూర్వం క్యూనో నిర్మించిన ఆవిరి బండిని గంటల తరబడి చూస్తూ నిలబడేవాడట. వీధిలో ఫ్రెంచి, ఇంట జర్మను మాట్లాడుతూ పెరిగిన ఈ బాలుడు బడిలో చురుకైనవాడని పేరుపొందాడు.

అతనికి పన్నెండేళ్ళ ప్రాయంలో, 1870లో, ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది. పుట్టిన ఊరిలోనే ఆ కుటుంబం పరదేశీయమైపోయింది. జర్మను మూలం గలవారందరితోపాటు డీజిల్ కుటుంబం కూడా పారిస్ విడిచి లండన్ చేరవలసివచ్చింది. అక్కడ జరుగుబాటు కష్టమైనందున తల్లిదండ్రులు కుమారుణ్ణి ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపారు. ఆ ఇంటి యజమాని బార్నికెల్ గణితోపాధ్యాయుడు. అక్కడే బాలుని చదువు గాడిన పడింది. ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష, పాఠ్యపుస్తకంలో మరొక భాషగా చదువుకొనే మన కళాశాల విద్యార్థులు ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా గమనించాలని మా కోరిక. మూడు భాషల నడుమ పెరిగిన ఆ బాలునికి అది లోపంగా పరిణమించలేదు. తరువాతి కాలంలో మూడు దేశాలలో తన యంత్రాన్ని గూర్చి మాట్లాడగల శక్తి దాని వలననే అతనికి అబ్బింది.

ఆగ్స్‌బర్గ్ పారిశ్రామిక పాఠశాలలో ప్రథముడుగా ఉత్తీర్ణుడై, 1875లో ఉపకార వేతనంతో డీజిల్ మ్యూనిచ్ సాంకేతిక విద్యాలయంలో చేరాడు. అక్కడ కార్ల్ ఫన్ లిండె అనే ఆచార్యుడు ఉష్ణగతిశాస్త్రం బోధించేవాడు. శీతలీకరణ యంత్ర నిర్మాణంలో లిండె పేరు నేటికీ ప్రసిద్ధమే. ఒకనాటి పాఠంలో ఆయన ఒక చేదు నిజం చెప్పాడు. ఆ కాలపు ఆవిరి యంత్రాలు బొగ్గులోని వేడిమిలో నూటికి ఆరు నుండి పది పాళ్ళు మాత్రమే పనిగా మార్చగలుగుతున్నవి. తక్కినదంతా వ్యర్థంగా గాలిలో కలుస్తున్నది. 1824లోనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సాడి కార్నో వేడిమిని పనిగా మార్చడంలో ప్రకృతి అనుమతించే గరిష్ఠ పరిమితి ఏదో సిద్ధాంతరీత్యా చెప్పి ఉన్నాడు. ఆ పరిమితికీ నాటి యంత్రాలకూ మధ్య అగాధం ఉన్నది. ఆ అగాధాన్ని పూడ్చాలన్న సంకల్పం ఆ తరగతి గదిలోనే యువకుని మనసులో నాటుకున్నది. విషజ్వరం వలన పరీక్ష సకాలంలో వ్రాయలేకపోయినా, 1880 జనవరిలో అత్యున్నత శ్రేణిలో పట్టభద్రుడైనాడు.

పిమ్మట డీజిల్ పారిస్ వెళ్ళి లిండె సంస్థకు చెందిన మంచు కర్మాగారంలో ఉద్యోగం చేశాడు. 1883లో మార్తా ఫ్లాషెను వివాహమాడాడు. వారికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. పగలు ఉద్యోగం, రాత్రి తన యంత్ర చింతన. ఆవిరికి బదులు అమ్మోనియాను ఉపయోగించి యంత్రం నడపాలని కొంతకాలం ప్రయోగాలు చేశాడు. ఒక ప్రయోగంలో యంత్రం ప్రేలి తీవ్రంగా గాయపడి నెలల తరబడి వైద్యశాలలో ఉండవలసివచ్చింది. అయినా పట్టుదల సడలలేదు. 1890లో సంసారంతో బెర్లిన్‌కు మారి, కొత్త మార్గం ఆలోచించాడు.

ఆ మార్గమేమో సామాన్య పాఠకులకు తెలియడం అవసరం. ఎందుకంటే మేలుకూ కీడుకూ మూలం ఒక్కచోటనే ఉన్నది. సైకిలు ట్యూబుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మనకందరకు అనుభవమే. గాలిని ఇరుకున బిగిస్తే వేడెక్కుతుంది. మరింతగా బిగిస్తే మరింత వేడెక్కుతుంది. సిలిండరులో గాలిని మాత్రమే పదునాలుగు, పదునెనిమిదింతలుగా బిగిస్తే, అందులో పడిన నూనె నిప్పురవ్వ అవసరం లేకుండానే అంటుకొంటుంది. పెట్రోలు యంత్రంలో గాలినీ ఇంధనాన్నీ ముందే కలిపి బిగిస్తారు గనుక ఎక్కువగా బిగిస్తే అకాలంలో అంటుకొని యంత్రం దెబ్బతింటుంది. డీజిల్ పద్ధతిలో ఆ భయం లేదు. బిగింపు ఎంత ఎక్కువైతే వేడిమి అంత ఎక్కువగా పనిగా మారుతుంది. ఇదే దాని పొదుపు రహస్యం.

ఈ భావానికి 1892 ఫిబ్రవరిలో పేటెంటు కోరగా మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో లభించింది. 1893లోనే తన సిద్ధాంతాన్ని గ్రంథరూపంలో ప్రకటించాడు. మొదట ఆయన ఊహించిన పీడనం 250 వాతావరణాలు. అది ఆనాటి లోహాలకు సాధ్యం కాని పని. తన ఆదర్శంలో దోషమున్నదని గ్రహించి, దానిని సుమారు ఆరవ వంతుకు తగ్గించుకొన్నాడు. ఆగ్స్‌బర్గ్ యంత్రాగారమూ క్రుప్ సంస్థా పెట్టుబడి పెట్టడానికి ముందుకు వచ్చినవి. 1893 ఆగస్టు 10న జరిగిన తొలి ప్రయోగంలో ఇంధనం అంటుకొన్నది, పీడనం కొలిచే పరికరం ప్రేలి ముక్కలైనది. మనుషులకు ప్రమాదం తప్పినది. గాలిని బిగించి ఇంధనాన్ని మండించవచ్చునని మాత్రం ఆ ప్రేలుడే ఋజువు చేసింది. 1894 ఫిబ్రవరి 17న యంత్రం తన శక్తితో తాను ఒక్క నిమిషం సేపు తిరిగింది.

సరిగ్గా మూడేండ్లకు, 1897 ఫిబ్రవరి 17న, అసలు పరీక్ష జరిగింది. ఈ పరీక్షను మీరు జ్ఞాపకముంచుకోవాలి. మ్యూనిచ్ సాంకేతిక విద్యాలయపు ఆచార్యుడు మోరిట్జ్ ష్రోటర్ స్వయంగా వచ్చి ఇంధనాన్ని తూచి, భ్రమణాలు లెక్కించి, శక్తిని కొలిచాడు. సుమారు ఇరువది అశ్వశక్తుల ఆ యంత్రం ఇంధనంలోని వేడిమిలో నూటికి 26.2 పాళ్ళు పనిగా మార్చినట్లు తేలింది. యూరపులోని యంత్ర నిర్మాతలందరూ నివ్వెరపోయారు. ఆ ఇంజను నేటికీ మ్యూనిచ్‌లోని జర్మన్ మ్యూజియంలో ఉన్నది. తరువాతి కాలంలో ఈ జాతి యంత్రాలు ఇంకా ఎదిగి, లారీలలో నూటికి నలుబదికి పైగా, పెద్ద ఓడలలో యాబదికి పైగా దక్షతను సాధించినవి.

హెర్బర్ట్ అక్రాయిడ్ స్టూవర్ట్ అనే ఆంగ్లేయుడు ఇంచుమించు అదే కాలంలో బరువైన నూనెతో నడిచే యంత్రం నిర్మించాడన్నది నిజం. కాని గాలి బిగింపు వేడిమినే ఆధారంగా చేసుకొని పొదుపును ఇంత ఎత్తుకు తెచ్చిన ఘనత డీజిల్‌దే.

కీర్తి వెంట ధనం వచ్చింది. అమెరికా హక్కులను అడాల్ఫస్ బుష్ అనే వ్యాపారి పది లక్షల మార్కులకు కొన్నాడు. మ్యూనిచ్‌లో భవంతి లేచింది. 1900 పారిస్ ప్రదర్శనలో ఆయన యంత్రానికి అగ్ర బహుమతి లభించింది. ఆ ప్రదర్శనలోనే ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశెనగ నూనెతో నడిచింది. రాయలసీమ రైతు ఇంటిలోని వేరుశెనగ ఒక యంత్రాన్ని నడపగలదని నూరు సంవత్సరాలకు పూర్వమే ఋజువైనదన్నమాట. చెట్ల నుండి, పంటల నుండి వచ్చే నూనెలకు మున్ముందు గొప్ప స్థానం రాగలదని డీజిల్ తన చివరి సంవత్సరాలలో నమ్మాడు.

ఆయన కేవలం యంత్ర నిర్మాత కాడు. పెద్ద ఆవిరి యంత్రం కొనగల ధనికుల ముందు చిన్న చేతిపనివాడు నిలువలేకపోతున్నాడని బాధపడినవాడు. తోలుపనివాని కుమారునికి ఆ బాధ సహజమే. నేతగాడు, కమ్మరి, వడ్రంగి తమ ఇంటనే ఉంచుకొని నడుపుకోదగిన చౌక యంత్రం కావాలని ఆయన ఆశించాడు. కార్మికులు చిన్న చిన్న మొత్తాలు కూడబెట్టి తామే కర్మాగారాలకు యజమానులు కావాలని ప్రబోధిస్తూ 1903లో సంఘీభావం గురించి ఒక గ్రంథం వ్రాశాడు. దానిని కొన్నవారు అతి స్వల్పం. యంత్రం మాత్రం మొదట పెద్ద కర్మాగారాలకూ ఓడలకూ పోయింది. 1912లో డెన్మార్కు వారి సెలాండియా అనే ఓడ డీజిల్ ఇంజనులతో కోపెన్‌హేగెన్ నుండి బాంకాక్ వరకు ప్రయాణించి ప్రసిద్ధి పొందింది. ఆయన కోరిక చాలా కాలానికి, చాలా దూరంలో కొంత నెరవేరినది. మన పల్లెలలో ఆయిలు ఇంజనుతో నడిచిన పిండి మరలూ, వడ్ల మరలూ, పొలాలకు నీరు తోడిన పంపులూ అందుకు సాక్ష్యం.

వేడిమి లెక్కను అణువణువూ కట్టగలిగిన ఈ మేధావి తన ఇంటి లెక్కను కట్టలేకపోయాడు. భూముల మీద, నూనె బావుల మీద పెట్టిన డబ్బు మునిగిపోయింది. పేటెంటు వివాదాలూ, తోటివారి విమర్శలూ ఆరోగ్యాన్ని కృంగదీసినవి. 1913 సెప్టెంబరు 29న ఆంట్‌వర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే స్టీమరు ఎక్కి ఇంగ్లండుకు బయలుదేరాడు. రాత్రి భోజనం ముగించి, ఉదయం ఆరుంబావుకు లేపమని చెప్పి తన గదికి వెళ్ళాడు. తెల్లవారి చూడగా గది శూన్యం, పడక నలగలేదు. కొన్ని రోజులకు ఒక డచ్చి పడవ వారికి సముద్రంలో ఒక శవం కనిపించగా, జేబులోని వస్తువులు మాత్రం తీసుకొని దానిని తిరిగి కడలికే అప్పగించారు. ఆ వస్తువులను కుమారుడు గుర్తించాడు. ఆయన తానే ప్రాణం తీసుకొన్నాడని పలువురి అభిప్రాయం. మరి కొందరు వేరే అనుమానాలు చెప్పారు. నిజం సముద్రంలోనే మిగిలిపోయింది. అప్పటికి ఆయన వయస్సు 55 సంవత్సరాలు. ఇంట మిగిలినవి అప్పులు.

ఇక్కడ ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. తన పేరిటి ఇంజను నగర వీధులలో వేల సంఖ్యలో తిరగడం డీజిల్ చూడలేదు. ఆయన నాటి ఇంజనులో ఇంధనాన్ని చిమ్మడానికి బరువైన గాలి యంత్రం అవసరమయ్యేది. అది బండి మీద ఇమిడేది కాదు. ఆయన మరణించిన పదేండ్లకు జర్మనీలో డీజిల్ లారీలు వెలువడినవి. 1927లో బాష్ సంస్థ చిన్న ఇంధన పంపును విరివిగా తయారుచేయగా దారి సుగమమైనది. 1936లో మెర్సిడెస్ బెంజ్ డీజిల్ కారును ప్రదర్శించింది. అటుపిమ్మట బస్సు, లారీ, ట్రాక్టరు, రైలు, అన్నీ ఆ యంత్రానికి వశమైనవి. పెట్రోలు ఇంజనుతో పోలిస్తే నాలుగవ వంతు వరకు ఇంధనం ఆదా అవుతూ ఉంటే ఎవరు కాదంటారు? బియ్యం బస్తా ధరలో లారీ బాడుగ ఉన్నది. విద్యార్థి బస్సు పాసులో డీజిల్ ధర ఉన్నది. కనుక ఈ పొదుపును తేలికగా తీసివేయడం బీదలకు ద్రోహం.

అయితే పొదుపు ఎక్కడ పుట్టినదో పొగ కూడా అక్కడే పుట్టింది. ఎక్కువగా బిగించిన గాలిలో మంట అత్యధిక ఉష్ణోగ్రతకు చేరుతుంది. ఆ వేడికి, మామూలుగా ఎవరితోనూ కలియని నత్రజని సైతం ప్రాణవాయువుతో కలిసి నత్రజని ఆక్సైడులుగా మారుతుంది. మరోవైపు సిలిండరులోకి చిమ్మిన నూనె తుంపరల నడుమ గాలి చాలని చోట మసి పుడుతుంది. మంటను చల్లబరిస్తే ఆక్సైడులు తగ్గుతాయి, కాని మసి పెరిగి నూనె ఖర్చు హెచ్చుతుంది. మంటను వేడెక్కిస్తే మసి తగ్గి పొదుపు పెరుగుతుంది, కాని ఆక్సైడులు హెచ్చుతాయి. తక్కెడలో ఒక సిబ్బె దిగితే రెండవది లేచినట్లు ఇది ఇంజనీర్లను దశాబ్దాలపాటు వేధించిన సమస్య. పెట్రోలు కార్ల పొగగొట్టంలో అమర్చే మూడు విధాల ఉత్ప్రేరక పరికరం ఇక్కడ పనికిరాదు. డీజిల్ పొగలో మిగులు ప్రాణవాయువు ఎక్కువగా ఉండడమే అందుకు కారణం.

ఈ పొగ మనిషిని ఏమి చేస్తుందో నెమ్మదిగా తెలిసివచ్చింది. 1950 ప్రాంతంలో కాలిఫోర్నియాలో ఆరీ హాగెన్ స్మిట్ అనే రసాయనజ్ఞుడు వాహనాల పొగలోని నత్రజని ఆక్సైడులూ మండని ఇంధన వాయువులూ ఎండలో కలిసి లాస్ ఏంజిలస్ నగరపు కళ్ళు మండించే పొగమంచుగా మారుతున్నవని నిరూపించాడు. డీజిల్ మసి రేణువులు తల వెంట్రుక మందంలో ఇరువదవ వంతు కన్న చిన్నవి. అవి ఊపిరితిత్తుల లోతట్టు గదుల వరకు చేరుతాయి. 2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం డీజిల్ పొగ మనుషులలో క్యాన్సరుకు కారణమని నిర్ద్వంద్వంగా ప్రకటించింది. ఈ నష్టం డీజిల్ కొన్నవాని ఖాతాలో పడదు. రోడ్డు ప్రక్కన తోపుడు బండి వద్ద నిలిచినవాడు, ట్రాఫిక్ పోలీసు, బడికి నడిచిపోయే పిల్ల ఆ బాకీని చెల్లిస్తున్నారు. ఆదా చేసేవాడు ఒకడు, చెల్లించేవాడు మరొకడు. వాహన ఉద్గార నియమాల అవసరమంతా ఈ ఒక్క అన్యాయంలోనే ఇమిడి ఉన్నదని మా అభిప్రాయం.

యూరపు ఖండపు అనుభవం ఇందుకు మంచి పాఠం. 1992లో అక్కడ కార్లకు యూరో-1 ప్రమాణాలు వచ్చినవి. 1997 క్యోటో ఒప్పందం తరువాత భూతాపాన్ని తగ్గించాలన్న ఆతురతలో ప్రభుత్వాలు బొగ్గుపులుసు వాయువు మీదనే దృష్టి నిలిపినవి. తక్కువ ఇంధనం త్రాగే డీజిల్ కారు ఆ వాయువును తక్కువగా విడుస్తుంది గనుక పన్ను రాయితీలతో దానిని ప్రోత్సహించినవి. 2000 నాటి యూరో-3 ప్రకారం డీజిల్ కారు కిలోమీటరుకు అర గ్రాము నత్రజని ఆక్సైడులు విడువవచ్చును. పెట్రోలు కారుకు అనుమతించినది 0.15 గ్రాములే. 2011 నాటికి పశ్చిమ యూరపులో కొత్త కార్లలో సగానికి పైగా డీజిల్‌వే అయినవి. ఒక కీడును తగ్గించబోయి మరొక కీడుకు తలుపు తెరిచారు. భూగోళానికి కొంత మేలు కలిగినా, ఆ వీధులలో నివసించేవారికి హాని మిగిలింది.

పిమ్మట నియమాలు బిగిసినవి. 2014 నాటి యూరో-6 ఆ అర గ్రామును 0.08కి తగ్గించింది. నియమాలు బిగిసినకొద్దీ నిజాయితీకి పరీక్ష కూడా బిగుసుకొన్నది. 2015 సెప్టెంబరు 18న అమెరికా పర్యావరణ సంస్థ ఒక దారుణాన్ని వెల్లడించింది. ఫోక్స్‌వాగన్ సంస్థ తన డీజిల్ కార్లలో ఒక కపట ఏర్పాటు చేసింది. పరీక్షశాలలో ఉన్నానని గ్రహించగానే కారు పొగను అదుపులో ఉంచుతుంది. రోడ్డెక్కగానే ఆ అదుపును సడలించి, పరిమితికి నలుబది రెట్ల వరకు ఆక్సైడులు విడుస్తుంది. ప్రపంచమంతటా సుమారు కోటీ పది లక్షల కార్లలో ఈ ఏర్పాటు ఉన్నదని ఆ సంస్థయే ఒప్పుకొన్నది. 1897లో డీజిల్ తన యంత్రాన్ని బయటి ఆచార్యుని ముందు ఉంచి, తూచుకొమ్మని పక్కన నిలబడ్డాడు. ఆయన పేరు మోసిన యంత్రమే నూటపదునెనిమిది సంవత్సరాల తరువాత పరీక్షకుని కళ్ళు కప్పింది. ఆ ప్రథమ పరీక్షను జ్ఞాపకముంచుకొమ్మని కోరినది ఇందుకే.

ఇక మన దేశపు సంగతి. 1998 జూలైలో సుప్రీంకోర్టు ఢిల్లీ బస్సులన్నీ సహజవాయువుకు మారాలని ఆదేశించగా, ఎన్నో వాదోపవాదాల తరువాత 2002 చివరకు ఆ మార్పు పూర్తయినది. భారత్ స్టేజి పేరిట ప్రమాణాలు అంచెలంచెలుగా వచ్చినవి. 2010లో హైదరాబాదుతో సహా పదమూడు నగరాలకు నాలుగవ అంచె వర్తించగా, తక్కిన ప్రాంతం మూడవ అంచెలోనే ఉండిపోయింది. గాలికి పొలిమేర లేదు. జిల్లాలలో కొన్న లారీ పాత ఇంజనుతో, అక్కడి ఎక్కువ గంధకం గల డీజిల్‌తో నగరంలో ప్రవేశిస్తుంటే నగరపు నియమం సగం చచ్చుబడింది. 2017 ఏప్రిల్ 1 నుండి నాలుగవ అంచె దేశమంతటికీ వర్తించినది. ఆనాడు అమ్ముడుపోని మూడవ అంచె వాహనాలు ఎనిమిది లక్షలకు పైగా ఉండగా, ప్రజారోగ్యం ముందు వ్యాపార నష్టం చిన్నదని సుప్రీంకోర్టు వాటి అమ్మకాన్ని నిషేధించింది.

2020 ఏప్రిల్ 1న దేశం ఐదవ అంచెను దాటివేసి నేరుగా ఆరవ అంచెలో అడుగుపెట్టింది. డీజిల్ కారు విడువదగిన నత్రజని ఆక్సైడులు కిలోమీటరుకు 0.25 గ్రాముల నుండి 0.08కి, మసి 0.025 నుండి 0.0045కి తగ్గినవి. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళకు 50 నుండి 10కి దిగింది. గంధకం తగ్గనిదే పొగను శుభ్రపరచే పరికరాలు పనిచేయవు గనుక చమురు శుద్ధి కర్మాగారాలు కూడా మారవలసివచ్చినవి. మరొక విషయం కూడా చెప్పాలి. 2014 అక్టోబరు వరకు మన ప్రభుత్వం డీజిల్ ధరను తగ్గించి ఉంచేది. రైతు కోసం, బస్సు కోసం ఉద్దేశించిన ఆ రాయితీని పెద్ద పెద్ద కార్లవారు కూడా హాయిగా అనుభవించారు. బీదల పేరు చెప్పి నియమాలను వ్యతిరేకించేవారు ఈ సంగతిని మరచిపోరాదు.

ఇప్పుడు త్రాసును చేతికి తీసుకుందాము. నియమాల వలన వాహనం ఖరీదు పెరిగినమాట నిజం. మసి వడపోత పరికరంలో చిక్కిన మసిని కాల్చివేయడానికి కొద్దిగా ఇంధనం ఖర్చవుతుందన్నదీ నిజం. లారీలు యూరియా ద్రావణం కూడా మోసుకొని తిరగవలసివచ్చింది. చిన్న లారీ యజమానికి ఇది భారమే. కాని ఈ యూరియా ద్రావణపు కథలో ఒక విశేషమున్నది. అది పొగగొట్టంలో నత్రజని ఆక్సైడులను తిరిగి నత్రజనిగా, నీటి ఆవిరిగా మార్చుతుంది. పొగను వెలుపల శుభ్రపరచే ఏర్పాటు ఉన్నప్పుడు లోపల మంటను చల్లబరచవలసిన అగత్యం తగ్గుతుంది. ఇంజనును తిరిగి పొదుపుగా నడపవచ్చును. పొదుపూ శుభ్రతా బద్ధశత్రువులని దశాబ్దాలు వాదించినవారికి ఇది సమాధానం. నియమం ఒత్తిడి చేయకపోతే ఈ పరిష్కారం ఇంత త్వరగా వీధికి వచ్చేది కాదు.

కాబట్టి మా నిర్ణయం ఇది. పొదుపు కావాలి, శుభ్రమైన గాలీ కావాలి. రెంటిలో ఒకటే దొరికేటట్లయితే గాలి వైపే మొగ్గాలి. నూనెకు బదులుగా మరొక ఇంధనం రావచ్చును, ఊపిరితిత్తులకు బదులు రావు. నియమం ఊరికొక విధంగా గాక అంతటా ఒకటిగా ఉండాలి. పరీక్ష గదిలోనే గాక రోడ్డు మీద కూడా జరగాలి. బండిని చూడకుండానే పొగ సర్టిఫికెట్ ఇచ్చే చోట ఎంత గొప్ప నియమమైనా కాగితమే. భారమంతా చిన్నవాని నెత్తిన పడకుండా పాత లారీ మార్చుకొనేవారికీ, ప్రజలు ఎక్కే బస్సులకూ ప్రభుత్వం చేయూతనివ్వాలి. ఆ సహాయం పెద్ద కార్లకు పోరాదు.

డీజిల్ దోషి అని మేము అనము. ఆయన కాలంలో ప్రశ్న వేడిమి వ్యర్థం కావడం. ఆ ప్రశ్నకు తన యౌవనాన్నీ ఆరోగ్యాన్నీ ధారపోసి జవాబు చెప్పాడు. నత్రజని ఆక్సైడుల ప్రశ్న తరువాతి తరాలది. నూటికి పది పాళ్ళతో లోకమంతా సరిపెట్టుకొన్నవేళ ఇంతేనా అని ప్రశ్నించిన విద్యార్థి ఆయన. నేడు బస్సు వెనుక నల్లని పొగను చూసి ఇంతేనా అని ప్రశ్నించే విద్యార్థి ఆయన శిష్యుడే. మన విజ్ఞాన విభాగపు ప్రయోగశాలలో లెక్క తప్పు వచ్చినప్పుడు జవాబును దిద్ది వ్రాయక, లెక్కనే మళ్ళీ చేసే అలవాటు నేటి నుండే అలవరచుకొనవలెనని మా విద్యార్థులకు మనవి. అట్టివారి చేతిలో పొదుపూ గాలీ రెండునూ భద్రంగా ఉండగలవు. అట్టివారు మన కళాశాల నుండి అనేకులు వెలువడెదరు గాక!